తెలుస్తుందా అని అడిగినప్పుడు

చేతికి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "మత్తు ఇస్తారా?" అని. ఆయన నా భయాన్ని మరోలా అర్థం చేసుకున్నాడు. నొప్పికి భయపడుతున్నానని అనుకుని, "కావాల్నంటె నిద్రపుచ్చి చేస్తం సార్, మీకేం తెల్వదు," అన్నాడు. వద్దన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. పక్కన కూర్చున్న నా బామ్మర్ది తలెత్తి నా మొహంలోకి చూశాడు.

నా భార్యకు కూడా ఇదే కరీంనగర్‌లో, వేరే ఆస్పత్రిలో, అదే మాట చెప్పారు. జర సేపు నిద్రపుచ్చుతమమ్మా, గొట్టం పెట్టినంక ఆయాసం తగ్గుతది అన్నారు. ఆమె తల ఊపింది. నా వైపు చూసి, "నువ్వు పొయ్యి ఇంత తినిరా," అంది. ఆ తర్వాత లేవలేదు. పోయిన వానాకాలం సంగతి ఇది. ముందు జ్వరం, తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము. అక్కడి వాళ్లు చేయగలిగినంత చేశారు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కానీ నిద్రపుచ్చుతాం అనే మాట ఇంకొకసారి వినే శక్తి నాకు లేదు. అందుకని చెయ్యి ఒక్కటే మొద్దుబార్చి, నేను మెలకువగా ఉండగా చేస్తామంటేనే ఒప్పుకున్నాను.

జబ్బు పెద్దదేం కాదు. అరచేతిలోకి వచ్చే నరం ఒకటి మణికట్టు దగ్గర ఒక ఇరుకు దారిలోంచి వస్తుంది. ఆ దారి బిగిస్తే నరం నలుగుతుంది. ముందు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తర్వాత మొద్దుబారతాయి, చివరికి బొటనవేలి కింద కండ కరిగిపోతుంది. నేను గోదావరిఖనిలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. చివరి ఏడు నల్లబల్ల మీద రాస్తుంటే చాక్‌పీసు తరచూ జారిపడేది. పిల్లలు నవ్వేవాళ్లు. ముసలితనం అనుకున్నాను. ఆమె పోయాక చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. చాయ గ్లాసు పట్టుకున్నాననుకుంటే అది కింద ఉండేది. దుఃఖం వల్ల అనుకున్నాను. దుఃఖం మనిషిని చేతకానివాణ్ణి చేస్తుందని చాలా పుస్తకాల్లో చదివాను కాబట్టి వేరే కారణం వెతకలేదు.

బామ్మర్ది ఒకరోజు నా బొటనవేలి కింద పల్లం చూసి, "ఇదేంది బావా, ఎలుక కొరికినట్టున్నది?" అని డాక్టరు దగ్గరికి పట్టుకొచ్చాడు. నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్ష చేశారు. ఆ పరీక్ష చేసినాయన యంత్రం మీది గీతలు చూస్తూ, మామూలు గొంతుతో, "ఇది కొత్తగ వచ్చింది కాదు సార్. ఏడాది పైనే అయ్యుంటది," అన్నాడు.

నా భయం ఆ మాట దగ్గర మొదలైంది. కత్తికి కాదు, సూదికి కాదు.

ఎందుకో చెప్పాలంటే ఆ ఆస్పత్రి గదిలోకి మళ్లీ వెళ్లాలి. ఆమెకు గొట్టం పెట్టిన తర్వాత సాయంత్రం పూట ఒక్కరిని లోపలికి పంపేవారు. నేను వెళ్లేవాణ్ణి. బామ్మర్ది అద్దం తలుపు అవతల నిలబడేవాడు. ఆమె చూపుడు వేలికి క్లిప్పు, మణికట్టుకు సూది, సూది మీద పట్టీ. చెయ్యి వాచి ఉండేది. మత్తు తగ్గించి చూస్తున్నామని చెప్పిన సాయంత్రం అక్కడి సిస్టరు నాతో, "పేరు వెట్టి పిలువుండ్రి సార్. చెయ్యి వట్టుకోండ్రి. ఇనవడితె ఒత్తుతది. ఒత్తితె నాకు చెప్పుండ్రి," అంది.

నేను పిలిచాను. మా ఇళ్లలో మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం అలవాటు లేదు, ఆ పేరు నా నోట్లో కొత్తగా ఉంది. చెయ్యి పట్టుకున్నాను. కుడిచేత్తో. చాలా సేపు పట్టుకున్నాను. సిస్టరు వచ్చి అడిగింది.

"ఒత్తిందా సార్?"

"లేదు."

మంచం పక్కనే నిలబడి, ఆమె తల దగ్గరే ఆ మాట అన్నాను.

ఆ చెయ్యి అప్పటికే మొద్దుబారి ఉందని ఇప్పుడు ఒక యంత్రం చెప్పింది. అంటే ఆమె ఒత్తి ఉండవచ్చు. ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి ఒత్తి ఉండవచ్చు. నాకు తెలియలేదు. నేను లేదన్నాను. ఆమె విన్నది.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ వాయిదా వేయడానికి మాత్రం రకరకాల కారణాలు చెప్పాను. ఎండలు తగ్గనీ అన్నాను, చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షన్ కానీ అన్నాను. అసలు కారణం ఒకటే. చెయ్యి కోసి నరాన్ని కళ్లతో చూసిన మనిషి అది ఎంత కాలంగా నలిగి ఉందో చెప్పేస్తాడని. యంత్రం అయితే పొరపాటు పడిందని అనుకోవచ్చు.

చివరికి డాక్టరే ఫోనులో, ఇంకా ఆలస్యం చేస్తే బొటనవేలు పనికిరాకుండా పోతుందని అన్నాడు. బామ్మర్ది లీవు పెట్టాడు. అతను బొగ్గుగనిలో పనిచేస్తాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. భూమిలోకి దిగి పైకప్పు కూలకుండా చూసే పని అతనిది.

"నీ చెయ్యికి నా మస్టరు పోయింది బావా," అన్నాడు పొద్దున్నే వచ్చి. మస్టరంటే హాజరు. "మంచిగ చేయించుకో. మల్ల ఎడమ చెయ్యని తీస్కరాకు."

కారు రోడ్డుకు అవతల ఆపాడు. మా కాలనీ ముందు రోడ్డు మీద బొగ్గు లారీలు తెరిపి లేకుండా పోతుంటాయి. ఆ రోడ్డు దాటడమంటే నా భార్యకు భయం. నా చిటికెన వేలిని తన చిటికెన వేలితో పట్టుకుంటే తప్ప అడుగు వేసేది కాదు. పెళ్లిలో అట్లా పట్టుకొని ఏడడుగులు నడిపిస్తారు కదా, ఆ రోజు మొదలు ఆమెకు చెయ్యి పట్టుకోవడం అంటే అంతే. మిగతా చెయ్యితో సంబంధం లేదు. నేను చదువు చెప్పే పిల్లలు ఆ రోడ్డు మీదే తిరిగేవాళ్లు. అవతలికి చేరకముందే విడిపించుకోవాలని చూసేవాణ్ణి. "చెయ్యి వట్టుకుంటె నీకు సిగ్గు. నన్ను లారీ గుద్దితె అప్పుడు ఎంత సిగ్గో సూడు," అనేది. విడిచేది కాదు.

ఆ పొద్దున నేను ఒక్కణ్ణే చాలా సేపు ఈ పక్కనే నిలబడ్డాను. బామ్మర్ది హారన్ కొట్టాడు.

దారిలో అతను ఆగకుండా మాట్లాడాడు. పెద్దపల్లి దాటాక గానీ నాకు అర్థం కాలేదు, అతనికీ భయంగానే ఉందని. ఆస్పత్రిలో రక్తం తీయడానికి సిస్టరు నా చేతికి రబ్బరు పట్టీ కట్టగానే అతను లేచి తలుపు దగ్గరికి వెళ్లి గోడ వైపు తిరిగాడు.

"దినాం బాయిల దిగుతవు గదరా, సూదికి భయమేంది?" అన్నాను.

"బాయి ముచ్చట వేరు బావా. ఆడ నా చేతుల పని ఉంటది. ఈడ ఊకె సూసుడే నాయె," అన్నాడు గోడకే చెప్పినట్టు. ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "అక్కను సూసినప్పటిసంది ఆస్పత్రి వాసనే పడ్తలేదు," అన్నాడు.

లోపల నన్ను సన్నని బల్ల మీద పడుకోబెట్టారు. కుడిచేతిని పక్కకు చాపి వేరే పీట మీద పెట్టారు. మోచేతి దాకా గోధుమరంగు మందు పూశారు. అది చల్లగా ఉంది. చల్లదనం మోచేతి దగ్గర బాగా తెలిసింది, వేళ్ల దగ్గరికి వచ్చేసరికి అనుమానంగా తెలిసింది. నా మొహానికి, చేతికి మధ్య ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. దాని అవతల నా చెయ్యి ఉందని నమ్మాలి.

"సూది మండుతది సార్. అదొక్కటే నొప్పి. తర్వాత ఏమీ ఉండదు," అన్నాడు డాక్టరు.

అరచెయ్యి మొదట్లో సూది దిగింది. మంట మణికట్టు దాటి పైకి పాకింది. పళ్లు బిగబట్టాను. మందు పట్టేదాకా ఆగాలని చెప్పి డాక్టరు పక్క గదిలోకి వెళ్లాడు. సిస్టరు ఒక్కతే మిగిలింది. నడివయసు మనిషి. నేను చెయ్యి కదపకుండా ఉండటానికి ఏదో ఒకటి మాట్లాడించాలని ఆమెకు తెలిసినట్టుంది.

"ఏం చెప్తుంటివి బాపూ బడిల?"

"తెలుగు."

"ఓ యమ్మ! తెలుగు సారంటె మాకు హడల్. పద్యం అప్పజెప్పకపోతె గోడకుర్చీ ఏపిస్తుండె." ఆమె నా ఎడమచేతిని తీసి పొట్ట మీద పెట్టింది. "నువ్వు గూడ గంతేనా?"

"నేనెవరినీ కొట్టలేదమ్మా."

"అందరు గట్లనే అంటరు రిటైరైనంక," అంది.

నవ్వాను. నవ్వు ఆగగానే మళ్లీ భయం వచ్చింది. చెయ్యి బరువెక్కుతున్నది. తర్వాత బరువు కూడా పోయింది. మణికట్టు తర్వాత ఏమీ లేనట్టు ఉంది. అడ్డుగుడ్డ వంక చూస్తూ పడుకున్నాను. నా భార్య ఆ మంచం మీద ఇట్లాగే ఉండి ఉంటుందా, ఒళ్లంతా ఇట్లాగే పోయి వినికిడి ఒక్కటి మిగిలి ఉంటుందా అనిపించింది. మనుషులు తల దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. జవాబు చెప్పడానికి ఒక్క వేలు కూడా ఉండదు. లేచి పోదామనిపించింది. లేవాలంటే ఆ చెయ్యిని కూడా తీసుకుపోవాలి, అది ఎక్కడుందో నాకు తెలియదు.

డాక్టరు తిరిగి వచ్చి అడ్డుగుడ్డ అవతల కూర్చున్నాడు.

"గుచ్చి చూస్తున్న సార్. తెలుస్తుందా?"

అడ్డుగుడ్డ అవతల నా వేలిని వెతుక్కున్నాను.

"సార్? తెలుస్తుందా?"

ఏదో తెలుస్తున్నట్టు ఉంది. అది వేలికి తెలుస్తున్నదో, ఆయన అడిగినందువల్ల నా తలలో పుట్టిందో చెప్పలేను. ఇంకొకసారి నా చేతి గురించి నన్ను సాక్ష్యం అడుగుతున్నారు. ఒకసారి చెప్పిన సాక్ష్యం మీదే నాకు నమ్మకం లేదు. "చెప్పలేకపోతున్న డాక్టర్," అన్నాను. నా గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది.

"ముట్టుకున్నట్టు అనిపిస్తె పర్వాలేదు. నొప్పి ఉందా, లేదా? అంతే చెప్పుండ్రి."

"లేదు."

కోసినప్పుడు నొప్పి లేదు. ఎవరో నా చేతి మీద వేలితో గీత గీసినట్టు ఉంది. తర్వాత లాగినట్టు, వెడల్పు చేసినట్టు. కాలిన వాసన కొంచెం వచ్చింది. గట్టి గుడ్డను కత్తెరతో కత్తిరిస్తున్న చప్పుడు వినిపించింది. అది గుడ్డ కాదని తెలుసు. సిస్టరు నా నుదురు తుడిచింది. అప్పుడు గానీ చెమట పట్టిందని నాకు తెలియలేదు.

"దొరికింది," అన్నాడు డాక్టరు. "ఇగో, నరం. పాపం, మంచిగనే నలిగింది. ఇక్కడ సన్నగై పోయింది చూడు సిస్టర్."

అడగాల్సిన సమయం ఇదే. నేను అడగకపోతే ఆయన చెప్పడు, కుట్లు వేసి పంపించేస్తాడు. చెయ్యి బాగవుతుంది, చొక్కా గుండీలు పెట్టుకుంటాను. జీవితాంతం తెలియకుండా ఉంటుంది. నిజానికి నేను కోరుకున్నది కూడా అదే. అయినా అడిగాను.

"డాక్టర్, అది ఎన్నాళ్ల నుంచి అట్ల ఉన్నదో చూస్తే చెప్పొచ్చునా?"

"తారీకు చెప్పలేం సార్. కానీ ఇంత సన్నగయ్యిందంటె ఏడాదికి తక్కువైతె ఉండదు. ఎక్కువే ఉంటది. మనకు తెల్వకముందే మొద్దుబారుడు షురువైతది. అది నొప్పి లెక్క కాదు గద, ఉన్నట్టు తెల్వది."

నేను పైకప్పు వంక చూస్తున్నాను. ఆమె మొహం కనిపించింది. గొట్టం కదలకుండా పెదవి పక్కన అంటించిన పట్టీ. ఒత్తిందా సార్. లేదు. ఆ రెండు మాటల మధ్య ఆమె ఏం చేసి ఉంటుంది?

"భుజం వణుకుతుంది సార్, చెయ్యి కదులుతుంది. నొప్పి వస్తుందా?"

"లేదు," అన్నాను. అదే మాట అదే గొంతుతో వచ్చింది.

"బాపూ, బాపూ," అని సిస్టరు నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా అదిమిపట్టింది. "అయిపోవచ్చింది. గట్టిగ ఊపిరి తీస్కో. నన్ను గోడకుర్చీ ఏపిస్తవా, చెప్పు." ఆమె చెయ్యి నాకు బాగా తెలిసింది. ఆ భుజం నాదే.

కుట్లు వేశారు. అడ్డుగుడ్డ తీసేసినప్పుడు చూశాను. అరచేతిలో చిన్న గీత, నల్ల దారం. అంతే. డాక్టరు కట్టు కడుతూ నా వేళ్లను ఒక్కొక్కటే చివర్లలో నొక్కుతూ వచ్చాడు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు. ఏమీ తెలియలేదు. మందు ఇంకా ఉంది, తెలియదులే అన్నాడు. తర్వాత చిటికెన వేలు నొక్కాడు. ఉలిక్కిపడ్డాను.

"ఇది తెలుస్తుంది," అన్నాను.

"తెలుస్తది. ఇది ఎప్పుడు గూడ మంచిగనే ఉంటది సార్. ఈ వేలికి వచ్చే నరం వేరు, అది వచ్చే తొవ్వ వేరు. మీ రోగం దీని దాకా రాదు."

"నాకు చెయ్యంతా మొద్దుబారిందనిపించేది."

"అందరు గట్లనే చెప్తరు. ఏ వేలని అడిగితె అన్నీ అంటరు. మీరు గూడ మొదటిరోజు అన్నీ అన్నరు. నేనే రాసుకోలే," అని నవ్వాడు.

నన్ను బయటి గదిలో పడుకోబెట్టారు. చేతిని మెడకు పట్టీతో కట్టారు. కళ్లు మూసుకుని ఆ సాయంత్రాన్ని గుర్తు చేసుకోవాలని చూశాను. క్లిప్పు చూపుడు వేలికి ఉంది. మణికట్టు మీద సూది. పట్టుకోవడానికి మిగిలింది ఎంతో లేదు. కానీ ఏది పట్టుకున్నాను? ఏ వేలితో? ఆమె మొహం తప్ప ఏదీ గుర్తు రాలేదు. గుర్తుచేసుకుంటే ఒకసారి అరచేతిలో అరచెయ్యి కనిపించింది, ఇంకోసారి వేరేగా కనిపించింది. నాకు కావలసిన జవాబును నేనే తయారు చేసుకుంటున్నానని తెలిసి మానేశాను. నాకు కావలసిన జవాబు ఏదో కూడా తెలియదు. చెయ్యి మొద్దుబారి ఉంటే ఆమె నన్ను పిలిచింది, నేను వినలేదు. చెయ్యికి స్పర్శ ఉండి ఉంటే, ఆమె పిలవలేదు.

చూసినవాడు ఒక్కడే ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు సుల్తానాబాద్ దగ్గర బామ్మర్ది చాయకు ఆపాడు. హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాం. గ్లాసు నా ఎడమచేతికి ఇచ్చి, నేను సరిగ్గా పట్టుకున్నానా లేదా అని కాసేపు తన చెయ్యి కింద పెట్టి ఉంచాడు.

"పడగొట్టకు బావా, ఉన్నది ఒక్కటే చెయ్యి ఇప్పుడు."

"ఒరేయ్, ఒక మాట అడుగుతా." అని ఆగాను. ఆపరేషన్ బల్ల మీద కూడా అంత భయం వేయలేదు. ఎందుకడుగుతున్నానో అతనికి తెలియకూడదు, తెలిస్తే నాకోసం మంచి జవాబు ఏరుకుంటాడు. "ఆ రోజు లోపల మీ అక్క చెయ్యి పట్టుకొని నిలబడితిని గద. నువ్వు అద్దంలకెల్లి చూస్తుంటివి. ఎట్ల పట్టుకున్న?"

"ఎట్లంటె?"

"ఎట్ల పట్టుకున్నానో చెప్పు."

అతను చాయ పక్కన పెట్టాడు. తర్వాత తన రెండు చిటికెన వేళ్లను కొక్కెంలా ఒకదానికొకటి తగిలించి నాకు చూపించాడు. గనిలో పని చేసిన వేళ్లు, గోళ్ల చుట్టూ నలుపు పోనివి.

"గిట్ల. పెండ్లినాడు వట్టుకున్నట్టె. నాకు యాదికున్నది. ఇంత పెద్ద మనిషి, తెలుగు సారు, గీయన ఇప్పుడు గూడ సిటికెనేలే వట్టుకుండేందని నవ్వొచ్చింది బావా. నవ్వితె సిస్టరు ఏమనుకుంటదో అని బయటికి పోయిన. బయట ఏడుపొచ్చింది." ముక్కు తుడుచుకున్నాడు. "ఎందుకడుగుతున్నవ్?"

"ఊకనే."

"ఊకనే అడిగెటోడివా నువ్వు?"

ఎడమచేత్తో గ్లాసు ఎత్తి చాయ తాగాను. అతను తన చాయ అందుకున్నాడు.

నేను ఆ రోజు చెప్పింది నిజమే. ఆ వేలికి రోగం లేదు, ఎప్పుడూ లేదు. ఆమె ఏ కొంచెం కదిపినా దానికి తెలిసేది. ఏమీ తెలియలేదు, ఏమీ లేదు కాబట్టి. నేను అబద్ధమాడడం ఆమె వినలేదు. అప్పటికి ఆమె ఏదీ వినడం లేదు. పరీక్ష రోజు నుంచి నన్ను పట్టుకున్న భయం పోయింది. దానితో పాటే, ఆమె ఒత్తి ఉండవచ్చు అన్నది కూడా పోయింది. ఆ భయంలో ఆమె ఇంకా కొంచెం బతికి ఉందని, దాన్ని నేను అందుకే వదల్లేదని చాయ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది.

"పోదామా?" అన్నాడు బామ్మర్ది.

కారు రోడ్డుకు అవతల ఉంది. ధాన్యం లారీలు పోతున్నాయి. అతను నా మోచెయ్యి పట్టుకుని రెండు వైపులా చూశాడు. కట్టు లోపల నాలుగు వేళ్లు ఉన్నాయో లేవో ఇంకా తెలియడం లేదు. బయటికి ఉన్న చిటికెన వేలికి లారీ పోయినప్పుడల్లా వచ్చే వేడిగాలి తెలుస్తున్నది.